వరుసలు తెలియని చెయ్యి

ఎముకల డాక్టరు చెవుల వెనక గులాబీరంగు ఇంకా అట్లాగే ఉంది. పండుగపూట పిలిపించారన్న కోపం ఆయన ముఖం నిండా ఉన్నా, ఆ రంగు ఉన్నంతసేపూ ఆ కోపాన్ని ఎవరూ లెక్కచేయరని ప్రమోదిని అనుకుంది, అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది. లోపల మరిది జైపాల్ మణికట్టు విరిగిందో లేదో తెలియక కూర్చున్న మనిషికి నవ్వు రావడం ఏం మర్యాద? అతన్ని లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశారు. ఎక్స్‌రే తీసే అతన్ని వెతకడానికి మనిషిని పంపారట. "హోళీనాడు కరీంనగర్‌ల మనిషిని దొరకవట్టుడంటే ముందుగాల మొఖం కడిగి చూడాలె గదమ్మా, గంటైతది" అని కాంపౌండరు చెప్పిపోయాడు. బెంచీకి ఆ చివర భర్త విద్యాసాగర్‌రావు, పేరున్న వకీలు, వాయిదా పడ్డ కేసు ముఖంతో గోడమీది పోషకాహారం బొమ్మను చదువుతున్నాడు. ఈ చివర తాను. ఒళ్లో తన కుడిచెయ్యి. గోళ్లలో పోలెల పిండి, మణికట్టు దాకా మోదుగుపూల రంగు. పక్కింటివాళ్లు కాసేపు చూస్తుండమని వదిలిపోయిన పిల్లను చూసినట్టు ఆమె ఆ చేతిని చూస్తోంది. ముద్దుగానే ఉంది, కానీ ఎప్పుడేం చేస్తుందో చెప్పలేం.

ఏటా ఇదే తంతు. నిర్మల్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే జైపాల్ హోళీకి అన్న ఇంటికి వస్తాడు. మోదుగుపూలు ఉడికించిన రంగునీళ్లలో రెండు చేతులూ ముంచుకుని పిల్లిలా వంటింట్లోకి వస్తాడు, వెనకనుంచి వదిన చెంపలకు పూస్తాడు. వదిన కేక పెట్టాలి, అట్లకాడ ఎత్తి వాకిలిదాకా వెంటపడాలి. అత్తమ్మ రుక్మాబాయి మంచంమీద కూర్చుని ఇద్దరినీ కలిపి తిట్టాలి, తిడుతూ నవ్వాలి, ఆ తర్వాత అందరూ కూర్చుని పూర్ణం పెట్టిన పోలెలు తినాలి. ఆమె కాపురానికి వచ్చిన తొలి ఏడు జైపాల్ ఇంకా నిక్కర్లు వేసుకునేవాడు, అప్పటినుంచీ ఇదే వరస. ఈ రోజూ అంతే, పొయ్యి ముందు నిలబడి పెనంమీద పోలె తిప్పుతోంది, వెనకనుంచి తడిచేతులు వచ్చాయి. వచ్చినట్టు తోచింది అనడం కూడా తప్పే, తోచేంత వ్యవధి ఎక్కడిది. ఎడమచెయ్యి లేచి అడ్డుకుంది, కుడిచెయ్యి అట్లకాడను వదిలేసి ఆ వచ్చిన మణికట్టును దొరకబుచ్చుకుంది, నడుము తిరిగింది. నిండు మనిషి బండలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. పెనంమీద పోలె మాడను కూడా మాడలేదు.

పడ్డవాడు పైకప్పు వంక చూస్తూ ఒక్క క్షణం పడుకున్నాడు, ఎవరో ముఖ్యమైన సంగతి చెబుతుండగా మధ్యలో కరెంటు పోయినవాడిలా. తర్వాత చెయ్యి పొట్టకు హత్తుకుని ముడుచుకున్నాడు. ఆ ముడుచుకోవడం గుర్తుకు రాగానే ప్రమోదిని బెంచీమీదినుంచి మూసిన తలుపు వంక చూసింది. ఈ ఇంట్లో తాను మనిషినని మొదట కనిపెట్టినవాడు జైపాల్. పేపరు మగవాళ్లంతా చదివి, రుక్మాబాయి అందులో పప్పు ఎండబోసుకున్న తర్వాతగానీ కోడలికి అందని రోజుల్లో, బడికి పోయేముందు నడుమ పేజీ ఒకటి లాగి పొయ్యిగట్టు కింద పెట్టిపోయేవాడు. అన్న "ఏదిరా నడిమి పేజీ?" అంటే "గాలికి పోయిందే అన్నా" అనేవాడు. కాలేజీ చదివిన వదినకు వార్తలు కావాలని ఎవరూ చెప్పకుండానే తెలిసిన పిల్లవాడు. కొట్టవలసిన చేతులు ఊళ్లో ఎన్ని లేవు, ఆ చెయ్యే దొరికిందా నీకు, అని ఒళ్లోని చేతిని అడిగింది. చేతికి వావివరుసలు తెలియవు. దానికి తెలిసింది ఒకటే, వెనకనుంచి వచ్చింది.

అంతటితో అయిపోయినా బాగుండేది. చప్పుడు విని రుక్మాబాయి గడప దాటి వచ్చేసరికే కిందినుంచి జైపాల్, "ఏం లేదే అవ్వా, కాలు జారింది" అన్నాడు. ఎవరూ అడగకముందే అన్నాడు. వదినను కాయడానికన్నాడో, వదిన చేతిలో పడ్డానని చెప్పుకోలేక అన్నాడో. "జారక ఏమైతది, బండలన్ని తడి! నీళ్లు గుంజి తుడువుమని పొద్దుగాల్నే చెప్పిన గా ఐలవ్వకు. యాడున్నదది?" ఐలవ్వ పెరట్లోనే ఉంది, గిన్నెలు తోముతోంది, ఆ ఇంట్లో ఎప్పటినుంచో పనిచేస్తున్న మనిషి. బూడిద చేతులతో వచ్చి నిలబడింది. "నేను తుడిచిన దొర్సాని. పొడిగుడ్డతోని గూడ తుడిచిన." "తుడిస్తే నా కొడుకు ఎట్ల పడ్డడే? గాలికి పడ్డడా? రేపటిసంది నువ్వు రాకు, ఇంకోదాన్ని చూసుకుంట." అప్పుడు ఐలవ్వ ప్రమోదిని దిక్కు ఒక్క చూపు చూసింది. నిష్ఠూరం లేదు అందులో, అడగడం కూడా లేదు. చూసి, నోరు మూసుకుని, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. పండుగ పోలెలు మూటకట్టి పక్కన పెట్టినవి కూడా తీసుకోలేదు. ప్రమోదిని ఏమీ అనలేదు. అనాలని నోరు తెరిచింది కూడా, ఈలోగా భర్త స్కూటర్ తాళం చెవి కోసం అరిచాడు, చెవి ఎక్కడుందో చెప్పింది. మణికట్టు విరిచే చెయ్యి ఉన్న మనిషికి మాట విప్పే నోరు లేకపోయింది.

ఐలవ్వకు తెలుసు. అదే ఇప్పుడు బెంచీమీద కూర్చోనివ్వనిది. తాను నోరు విప్పితే ఐలవ్వకు పని నిలుస్తుంది. విప్పితే తన పొద్దుటి పూట పోతుంది. వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని పాలు పొంగేలోపల చేసుకునే ఆ కాస్త పని, ఈ ఇంట్లో ఎవరికీ వడ్డించనవసరం లేనిది అదొక్కటే. రుక్మాబాయి ఆ తర్వాత తలుపు వేయనిస్తుందా? కోడలికి ఏదో సోకిందని నలుగురికీ చెప్పదూ?

మొదలుపెట్టింది కూతురు దేవకి. బొగ్గుగనుల దిక్కునుంచి వచ్చిన వెంకటి మాస్టరు సాయంత్రాలు బడి మైదానంలో కరాటే నేర్పిస్తున్నాడని, క్లాసులో ఆడపిల్లలు కూడా పోతున్నారని దేవకి అన్నం మానేసి కూర్చుంటే, విద్యాసాగర్‌రావు రెండు రోజులు వాదించి, తల్లి వెంట పోయి కూర్చునేటట్టయితే అని షరతు పెట్టాడు. ప్రమోదిని మైదానం పక్క వరండాలో కూర్చునేది. గోంగూరో చుక్కకూరో ఒలుచుకుంటూ కూర్చునేది. ఎదురుగా తెల్ల దుస్తుల పిల్లలు వరసగా నిలబడి జపాను అంకెలు అరుస్తూ గాలిని గుద్దేవారు. "ఎన్నిసార్లు చేస్తె వస్తది సార్?" అని దేవకి ఒకరోజు అడిగింది, ఎందులోనైనా తొందరగా పాసయ్యే దారి వెతకడంలో తండ్రి పోలిక. "లెక్క మర్చిపొయ్యేదాంక చెయ్యి బిడ్డా" అన్నాడు వెంకటి మాస్టరు. "లెక్కవెడుతున్నవంటే ఇంక రానట్టే. ఆలోచన చేసినవా, ఎదుటోని దెబ్బ నీకు తాకినంక నీ ఆలోచన అయితది." దేవకి నెలలోపే లెక్క మరవకుండానే విసిగిపోయి సంగీతం అంది, ఆ తర్వాత సంగీతం కూడా మానేసింది. వరండాలో ఆకుకూర ఒలుస్తూ చూసి నేర్చుకున్న చేతులకు మాత్రం ఎవరూ ఆపమని చెప్పలేదు.

ఎన్నిసార్లు? ఇది వెంకటి మాస్టరును అడగవలసిన ప్రశ్న కాదని ఆమెకు అప్పుడే తోచింది, ఏ వంటింటి మనిషినైనా అడగాలి. తొలి పోలె గుండ్రంగా వచ్చేదాకా ఎన్ని పోలెలు అయ్యాయో ఏ ఆడది చెప్పగలదు? మొదట నిర్మల్ దిక్కు గుట్టల ఆకారంలో వస్తాయి, చూసేవాళ్లు నవ్వుతారు, తర్వాత ఒకరోజు ఎవరితోనో మాట్లాడుతూ ఒత్తుతుంటావు, కిందికి చూస్తే చందమామ. ఆ రోజు ఏదో ఎవరూ పట్టించుకోరు, పండుగ చేయరు. అట్లాగే ఈ చేతులు కూడా. మొదట్లో ఒక చెయ్యి అడ్డం పెడితే రెండోది ఏం చేయాలో తెలియక గాల్లో వేలాడేది, బస్సులో సీటు దొరకని చుట్టంలాగా. పాలగిన్నె పొయ్యిమీద పెట్టి, పొంగేదాకా అడ్డుకోవడం, పట్టుకోవడం, తిరగడం. మళ్లీ అడ్డుకోవడం. జ్వరం వచ్చిన రోజు కూడా, ఇంటినిండా చుట్టాలున్న రోజు కూడా. ఒకసారి భర్త నీళ్ల కోసం వచ్చి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ భార్యను చూసి "ఏం చేస్తున్నవు?" అన్నాడు. "బూజు దులుపుతున్న" అంది. ఆయన పైకి చూసి, నిజంగానే బూజు లేకపోవడం చూసి సంతోషించి పోయాడు. ఐలవ్వ అట్లా పోలేదు. పెరటి తలుపు సందులోంచి చూసింది, మర్నాడు ఏమీ అనకుండా పొయ్యిగట్టు మూలన ఒక నిమ్మకాయ పెట్టింది. "ఎవలొచ్చిన్రమ్మా నీ మీదికి? పోశవ్వనా?" అని మూడోనాడు మెల్లగా అడిగింది. "ఎవరు రాలే ఐలవ్వా, వ్యాయామం." "గట్లనే అంటరు" అంది ఐలవ్వ, నిమ్మకాయ మార్చి కొత్తది పెట్టింది, కానీ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఈ పొద్దు కూడా చెప్పలేదు. అమ్మవారు చేసిన పనికి సాక్ష్యం చెప్పడమేమిటని ఊరుకుందో, తన కోసమే ఊరుకుందో. ఎందుకైనా కానీ, పని పోయింది ఆమెకు.

అసలు ఎందుకు చేసింది తాను? దేవకి మానేసిన తర్వాత వరండాలో కూర్చునే పని లేదు, ఇంట్లో అడిగినవాళ్లు లేరు. ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడు వెతికినా ఒక బస్సు వచ్చి ఆగుతుంది. పుట్టిల్లు లక్సెట్టిపేట, పెళ్లికి ముందు చదివింది కరీంనగర్‌లో, సెలవులకు పోయి వచ్చే బస్సు. నిలబడ్డ జనం. వెనకనుంచి ఎవరిదో చెయ్యి, ముఖం లేని చెయ్యి, నడుము మీదికి వచ్చి అక్కడే తన ఇల్లయినట్టు ఉండిపోయింది. ఆమె చేతులు రెండూ పుస్తకాలను గుండెకు అదుముకున్నాయి, అంతే చేశాయి. పుస్తకాలకేమీ కాకుండా చూసుకున్నాయి. దిగేదాకా కిటికీలోంచి ఎండిన పొలాలు చూసింది. హాస్టల్లో స్నేహితురాలు "ఏమైందే?" అంటే "ఏం లేదు" అంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఆ చేతిని తిట్టింది, విరిచింది, బస్సు ఆపించింది, అన్నీ మనసులో, అన్నీ బస్సు వెళ్లిపోయిన తర్వాత. ఆలోచించే మనిషి ఎప్పుడూ తర్వాతి బస్సుకు వస్తుంది. వరండాలో కూర్చుని వెంకటి మాస్టరు మాట విన్నప్పుడు గోంగూర కట్ట చేతిలోనే ఉండిపోయింది, అయితే తప్పు నాది కాదన్నమాట, నా చేతులకు ఎవరూ నేర్పలేదు, అంతే అన్నమాట, అని.

నేర్పలేదా? అదీ నిజం కాదు. నేర్పారు, చాలా నేర్పారు. అత్తమ్మ దగ్గు వినిపిస్తే కొంగు భుజంమీదికి వస్తుంది, ఆమె చెప్పనవసరం లేదు. భర్త స్కూటర్ చప్పుడు వీధి మలుపులో ఉండగానే కాళ్లు లేచి నిలబడతాయి. ముక్కలు వడ్డించేటప్పుడు మంచివి ఎదుటివాళ్ల కంచంలోకే పోతాయి. ఎవరైనా ఏమైందంటే నోరు ఏం లేదంటుంది. వీటిని ఎన్నిసార్లు చేసిందో, ఏ మైదానంలో ఏ మాస్టరు ముందు చేసిందో ఎవరు లెక్కపెట్టారు. ఐలవ్వ చూసినప్పుడు కదలని నోరు కూడా బాగా సాధన చేసిన నోరే, నల్ల బెల్టు ఇవ్వవచ్చు దానికి. పొద్దుటిపూట పాలు పొంగేలోపల ఒక చిన్న అలవాటు, తక్కిన రోజంతా పెద్ద అలవాటు, రెండూ ఒకే ఒంట్లో ఇరుగుపొరుగులా ఉంటున్నాయి, ఇన్నాళ్లూ మాట్లాడుకోలేదు. ఈ పొద్దు మొదటిది మొదటిసారి వాకిట్లోకి వచ్చింది, వచ్చి, పోయిపోయి జైపాల్‌ను కొట్టింది.

ఎక్స్‌రే అతను రంగు ముఖంతో లోపలికి పోయి చాలాసేపైంది. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. ఇంకా తలుపు తీయలేదు. జైపాల్ మూలుగు వినిపించిందేమో అనుకుంది, కాదు, ఏదో బల్ల. ఆలోచిస్తే ఇక చెప్పదు. ఆలోచించక ముందే,

"జైపాల్ జారిపడలే" అంది.

విద్యాసాగర్‌రావు పోషకాహారం నుంచి తల తిప్పాడు. "మరి?"

"నేను పడేసిన."

సాక్షి పొరపాటు పడ్డప్పుడు వకీళ్లు నవ్వే నవ్వు ఒకటి ఉంటుంది. "నువ్వు? జైపాల్‌నా? ఎట్ల?"

"తెల్వది."

"తెల్వకుండ ఎట్ల పడేస్తవు?"

"తెలిస్తే పడేసేదాన్నా? వెనకనుంచి వచ్చిండు, చెయ్యి పోయింది. దేవకి కరాటే బందువెట్టినప్పటిసంది నేను చేస్తున్న. రోజు, పొద్దున, వంటింట్ల."

"బూజు దులుపుతున్నన్నవు" అన్నాడాయన, అన్నిటికంటే అదే పెద్ద నేరమైనట్టు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, రక్తపోటు చూపించుకునేవాడిలా చెయ్యి ముందుకు చాపాడు. "ఏదీ. చూపియ్యి."

ఆమె పట్టుకుంది. ఏ చెయ్యి ముందు? ఎడమదా? బొటనవేలు పైకా కిందికా? నడుము ఎటు తిరిగింది? జడ అల్లేటప్పుడు ఏ పాయ ముందేస్తావని ఎవరైనా అడిగితే జడ అక్కడే చిక్కుపడినట్టు, చెయ్యి ఉత్త చెయ్యి అయిపోయి ఆయన చేతిమీద ఊరికే ఉండిపోయింది. వెచ్చగా ఉంది ఆయన చెయ్యి. అటుగా పోతున్న కాంపౌండరు, చేతులు పట్టుకుని కూర్చున్న దంపతులను చూసి తల తిప్పుకుని, "దొరవారూ, అయిపోవచ్చింది" అని గోడతో చెప్పిపోయాడు. విద్యాసాగర్‌రావు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కోర్టుల నిలవది ఇది" అన్నాడు. "వాని మీద జాలి కొద్ది నువ్వు గట్లనుకుంటున్నవు. వాడే జారిన అంటుండు. ఐలవ్వ సంగతి అవ్వకు నేను నచ్చచెప్త తియ్యి, నాలుగొద్దులు పోయినంక."

"నాలుగొద్దులు ఆమెకు తిండెట్ల?"

జవాబు వచ్చేలోగా తలుపు తెరుచుకుంది. జైపాల్ బయటికి వచ్చాడు, మోచేతి దాకా తెల్లటి కట్టు, మెడలో వేలాడే పట్టీ, చెంపల నిండా ఎవరో పిల్లలు పొద్దున పూసిన పచ్చరంగు. "సన్నగ చిట్లిందట, ఫికర్ లేదు" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ప్రమోదినికి ప్రాణం లేచి వచ్చింది, లేచి గబగబ ఎదురుపోయింది, అతని భుజంమీదినుంచి జారిపోతున్న తువ్వాలు అందుకుందామని చెయ్యి చాపింది.

జైపాల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. బాగున్న చెయ్యి లేచి ముఖానికి అడ్డం పడింది.

నవ్వు ఇంకా ముఖంమీదే ఉంది, పాపం, దానికి తెలియదు ఒళ్లు వెనక్కి పోయిందని. తర్వాత తెలిసింది. చెయ్యి దించి, చెవి గోక్కుంటున్నట్టు నటించి, "వదినె…" అన్నాడు. విద్యాసాగర్‌రావు ఆ అడుగును చూశాడు, తమ్ముడిని చూశాడు, భార్యను చూశాడు, మడిచిన చొక్కా చెయ్యిని మెల్లగా కిందికి దించుకున్నాడు. ఇక సాక్ష్యం అడగలేదు.

"అబద్ధమెందుకు చెప్పినవురా?" అన్నాడు.

"వదినెను అవ్వ ఏమన్న అంటదని."

"నీ ఇజ్జత్ పోతదని గూడ" అంది ప్రమోదిని.

"అది గూడ" అని ఒప్పుకున్నాడు జైపాల్. "బ్యాంకుల తెలిస్తే ఉంచుతరా నన్ను?"

"నువ్వు జారినవన్నందుకు ఐలవ్వ పని పోయింది. ఇప్పుడు పోయేటప్పుడు ఆమె ఇంటికి పోతం. రేపు రమ్మని నేనే చెప్త, మీ అవ్వకు గూడ నేనే చెప్త." భర్త వంక తిరిగింది. కాళ్లు మైదానంలో వాళ్లు నిలబడినట్టు కాస్త ఎడంగా నిలబడ్డాయి. "పొద్దుటి నా పని నేను బందువెట్ట. తలుపేసుకునే చేస్త. అది గూడ చెప్త."

విద్యాసాగర్‌రావు జేబులో స్కూటర్ తాళం చెవి తడుముకున్నాడు. "రిక్షా పిలుస్త మీకు" అని బయటికి నడిచాడు. ఒప్పుకున్నట్టు కాదు, కానీ ఇన్నేళ్ల సంసారంలో ఆయన అభ్యంతరం చెప్పకుండా వదిలేసిన మొదటి మాట అదే.

బయట ఎండ. రోడ్డంతా రంగులు, ఆవుల కొమ్ములకు కూడా. రిక్షా పక్కన జైపాల్ ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు, కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో మోస్తూ. మెట్లమీద ప్రమోదిని ఆగిపోయింది. వచ్చే ఏడు ఇతను వంటింట్లోకి రంగుతో రాడు. వస్తే గడప అవతలే నిలబడి "వదినె, వస్తున్న" అని చెప్పి వస్తాడు. ఎవరైనా ఒక మగవాడు తనను చూసి ఒక్క అడుగు వెనక్కి వేయాలని ఏళ్లకేళ్లు పాలగిన్నె ముందు నిలబడింది తాను, ఆ అడుగు చివరికి వచ్చింది, ఎవరి కాలినుంచి రావాలో వాడి కాలినుంచి మాత్రం రాలేదు. తనకు అన్ని పొద్దులు పట్టినది ఇతనికి ఒక్కసారితో వచ్చేసింది. ఒంటికి భయం ఎంత తొందరగా వస్తుందో. పోవడానికి ఎన్నిసార్లు పడుతుందో, అది ఏ మైదానంలోనూ ఎవరూ నేర్పరు.

"జైపాల్" అని పిలిచింది మెట్టుమీదినుంచే, "వెనకనుంచి వస్తున్న."

అతని భుజాలు పైకి లేచాయి. ఆమెకు కనిపించింది. మెల్లగా దిగాయి. "రా వదినె" అన్నాడు తిరగకుండానే.

రెండు మెట్లు దిగింది, ఆగింది. "ఎడమదిక్కునుంచి వస్తున్న."

"అయ్యో, రా అంటిని గదా."

భుజాలు మళ్లీ లేచాయి. ఆమె పక్కకు వచ్చి నిలబడింది, చేతులు రెండూ అతనికి కనిపించేటట్టు ముందు పెట్టుకుని, తొందరపడకుండా.